కృష్ణానదిలోని నీటికుక్క

పలనాడు రాతినేలకును, ఎండలకును పేరుపడిన సీమ. నాపరాతి గనులు, మిరపతోటలు, ప్రత్తిచేలు అచ్చటి బాలురకు ప్రతిదినము కనబడు దృశ్యములు. సముద్రమును చూడవలెనన్నచో మాచర్లనుండి గాని, గురజాలనుండి గాని తూర్పుదిక్కుగా బహుదూరము ప్రయాణము చేసి బాపట్ల దరినున్న సూర్యలంక తీరమునకు పోవలెను. అందువలన పుస్తకములలో సముద్రసింహము బొమ్మను చూచినప్పుడు ఆ బాలురకు కలుగు ఆశ్చర్యము ఇంతింత కాదు. అది చేపవలె నీటిలో ఈదును, కుక్కమూతియు, పొడవైన మీసములును కలిగియుండును, సింహమువలె గర్జించును, నేలపైకి వచ్చి పిల్లలను కని పాలిచ్చును. ఇట్టి జంతువు భారతదేశపు తీరములందు నివసించుట లేదు. అయినను దానికి దూరపు చుట్టమొకటి పలనాటి ఉత్తరపుటెల్లగా ప్రవహించు కృష్ణానదిలో కలదు. దానినే ప్రజలు నీటికుక్క యందురు.

చుట్టరికము తెలియవలెనన్నచో ముందుగా సముద్రసింహమును గూర్చి కొంత తెలిసికొనవలెను. సముద్రసింహములలో నెల్ల పెద్దది ఉత్తర పసిఫిక్ మహాసముద్ర తీరములందు నివసించును. 1741వ సంవత్సరమున బేరింగ్ అను నావికుడు నడిపిన ఓడ ఆ చలిసముద్రములో చెడి, ఒక నిర్జనద్వీపమునకు చేరినది. ఓడలో గెయార్గ్ స్టెల్లర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞు డుండెను. బేరింగ్ ఆ దీవియందే మరణించెను. స్టెల్లర్ ఆకలిని, చలిని సహించుచు, ఆ తీరపు జంతువులను శ్రద్ధతో పరిశీలించి వాని రూపమును, నడవడిని వ్రాసియుంచెను. అందుచేత ఆ పెద్ద సముద్రసింహమునకు స్టెల్లర్ సముద్రసింహమను పేరు వచ్చినది. బాగుగా పెరిగిన మగజంతువు 1000 కిలోగ్రాముల వరకు తూగును. అనగా ఇంచుమించుగా రెండు ఒంగోలు ఎద్దుల బరువన్నమాట. పొడవు 3 మీటర్లకు చేరును. మెడచుట్టును బిరుసైన వెండ్రుకలు దట్టముగా పెరుగును. కంఠధ్వనియు గర్జనవలె నుండును. ఈ రెండింటిని బట్టియే దానిని సింహమనిరి. ఆడుది మగదానిలో మూడవవంతు బరువు మాత్రమే యుండును. అప్పుడే పుట్టిన పిల్ల సుమారు 20 కిలోగ్రాములు తూగును.

ఇంత పెద్ద జంతువునకును, కృష్ణలోని చిన్న నీటికుక్కకును చుట్టరిక మెట్లని సందేహము కలుగవచ్చును. శాస్త్రజ్ఞులు జంతువులను పరిమాణమునుబట్టి గాక, ఎముకల నిర్మాణము, దంతముల అమరిక మొదలగువానినిబట్టి వర్గీకరింతురు. మాంసాహార జంతువుల గణము రెండు పెద్ద శాఖలుగా చీలియున్నది. పిల్లి, పులి, ముంగిస మొదలైనవి ఒక శాఖ. కుక్క, ఎలుగుబంటి, నీటికుక్క, సముద్రసింహము మొదలైనవి రెండవ శాఖ. నీటికుక్క చూపునకు ముంగిసను పోలియుండును గాని, నిజమునకు అది ముంగిసకంటె సముద్రసింహమునకే దగ్గర.

ఈ విషయమునకు బలమిచ్చు శిలాజమొకటి 2007వ సంవత్సరమున కెనడాదేశపు ఉత్తరభాగమున డెవన్ దీవిలో దొరకినది. అది రెండుకోట్ల సంవత్సరములకు పూర్వము మంచినీటి సరస్సు తీరమున బ్రతికిన జంతువుయొక్క అస్థిపంజరము. దాని పొడవు ఇంచుమించు ఒక మీటరు. దానికి రెక్కలవంటి చేతులు లేవు. నాలుగు కాళ్ళును, పొడవైన తోకయు ఉండెను. చూపునకు అది నీటికుక్కయే. కాని పుఱ్ఱెను, పండ్లను పరీక్షింపగా అది సీలు, సముద్రసింహము మొదలైన జంతువుల వంశమునకు చెందినదని తేలినది. శాస్త్రజ్ఞులు దానికి పుయీజిలా అని పేరు పెట్టిరి. సముద్రసింహముయొక్క పూర్వులు ఒకప్పుడు నేలపై నడచి, నదులలోను, సరస్సులలోను ఈదుట నేర్చి, తరువాత సముద్రమున ప్రవేశించిరని ఈ శిలాజము సూచించుచున్నది. సముద్రసింహము తన పూర్వుల కాళ్ళను ఈతరెక్కలుగా మార్చుకొన్నది. నీటికుక్క కాళ్ళను కాళ్ళుగానే యుంచుకొని నదియందు స్థిరపడినది.

ఆంధ్రదేశమున కనబడు నీటికుక్కను నునుపుబొచ్చు నీటికుక్క యని చెప్పవచ్చును. దీని శాస్త్రీయనామము లూట్రోగాలే పర్స్పిసిల్లాటా. శ్రీశైలము, నాగార్జునసాగరముల నడుమ కొండలను చీల్చుకొని పారు కృష్ణాతీరములును, దిగువను కృష్ణ సముద్రమును కలియుచోటగల మడ అడవులును, గోదావరి ముఖమునగల కోరింగ మడ అడవులును దీని నివాసములు. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967వ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఆ జలాశయపు టంచులయందలి రాళ్ళగుట్టలు, పొదలు, జనసంచారము లేని లంకలు ఇట్టి జంతువునకు అనుకూలమైన స్థలములు. ఏలయనగా నీటికుక్కకు చేపలు సమృద్ధిగా గల నీరు మాత్రము చాలదు. ఒడ్డున దాగుటకు చోటును కావలెను.

పెరిగిన నీటికుక్క 7 మొదలు 11 కిలోగ్రాముల వరకు తూగును. తలయు మొండెమును కలిసి 60 మొదలు 75 సెంటిమీటర్లును, తోక 40 సెంటిమీటర్లును ఉండును. అనగా మూతినుండి తోకచివర వరకు రెండున్నర మూరల పొడవు. ఇప్పుడే పుట్టిన స్టెల్లర్ సముద్రసింహపు పిల్ల, పెరిగిన నీటికుక్కకు రెట్టింపు బరువుండునన్న సంగతి తలచినచో ఈ చుట్టముల నడుమ గల తారతమ్యము బోధపడును. నీటికుక్క వీపు గోధుమవన్నెగాను, గొంతు, చెంపలు, పొట్ట లేతవన్నెగాను ఉండును. తల గుండ్రముగను, చెవులు చిన్నవిగను ఉండును. కాళ్ళు పొట్టివైనను బలమైనవి. వ్రేళ్ళ నడుమ బాతుకాళ్ళకువలె చర్మముండును, వ్రేళ్ళచివర వాడిగోళ్ళుండును. తోక మొదట లావుగా నుండి, పోనుపోను సన్నగిలి, చివర బల్లపరుపుగా నుండును.

ఈ అవయవములన్నియు ఈతకు అనువైనవి. నీటికుక్క మునిగినతోడనే దాని ముక్కురంధ్రములును, చెవులును మూసికొనును. మెల్లగా ఈదునపుడు కాళ్ళతో నీటిని తన్నును. వేగముగా పోవలెనన్నచో కాళ్ళను దేహమున కంటించుకొని, నడుమును, తోకను పైకి క్రిందికి ఊపుచు దూసికొనిపోవును. సముద్రసింహ మట్లు కాదు. అది ముందరి ఈతరెక్కలతో పక్షి రెక్కలల్లార్చినట్లు నీటిని త్రోయును. ఆ శక్తిచేత అది రెండువందల మీటర్లకు మించిన లోతునకు దిగగలదు. నీటికుక్క కంత లోతు పనిలేదు. నదిలో ఒక్కసారి మునిగి, సాధారణముగా నిమిషములోపలనే పైకివచ్చి ఊపిరి తీసికొని మరల మునుగును.

వానకాలమున కృష్ణ యెఱ్ఱని బురదనీటితో ప్రవహించును. అట్టి నీటిలో కన్నులకు ఏమియు కనబడదు. అయినను నీటికుక్క ఆహారమును సంపాదించుకొనును. దాని మూతిపై గల బిరుసుమీసములే అందులకు సాధనము. చేప కదలినపుడు నీటిలో పుట్టు సన్నని అల మీసములకు తగులును. ఆ తాకుడునుబట్టియే చేప యే దిక్కున నున్నదో అది గ్రహించును. సముద్రసింహముయొక్క మీసములును ఇట్టి పనియే చేయును. దూరదేశపు సముద్రమునందలి జంతువునకును, పలనాటి నదియందలి జంతువునకును ఒక్క విధమైన అవసరము ఒక్క విధమైన సాధనమును ఇచ్చినది.

ఎల్లప్పుడు తడిలో నుండు జంతువునకు చలి పెద్ద శత్రువు. సముద్రసింహము చర్మముక్రింద మందమైన క్రొవ్వుపొర గలిగి, దానిచే వేడిని కాపాడుకొనును. నీటికుక్కకు అట్టి క్రొవ్వుపొర లేదు. దానికి బొచ్చే కంబళి. ఆ బొచ్చు రెండు పొరలుగా నుండును. లోపలిపొర పొట్టిగా, మెత్తగా, మిక్కిలి దట్టముగా నుండి, గాలిని పట్టి నిలుపును. పైపొర కొంచెము పొడవుగా, నునుపుగా నుండి, నీటిని లోపలికి చొరనీయదు. అందుచేత నీటికుక్క ఎంతసేపు ఈదినను దాని చర్మము తడియదు. ఒడ్డునకు వచ్చినతోడనే దేహమును విదిలించి, ఇసుకలో పొర్లి, బొచ్చును నాకి శుభ్రము చేసికొనును. ఇది కేవలము ఆట కాదు. బొచ్చు మురికిపట్టినచో గాలి నిలువదు; గాలి నిలువనిచో వేడి నిలువదు.

నీటికుక్కకు ముఖ్యాహారము చేప. చేపలు చాలనప్పుడు పీతలను, రొయ్యలను, కప్పలను, పురుగులను, ఒక్కొకప్పుడు ఎలుకలను, పక్షులను గూడ తినును. ఈ జాతి నీటికుక్కలు ఒంటరిగా గాక, కుటుంబముగా వేటాడును. అయిదారు నీటికుక్కలు వరుసదీరి, కొంగల బారువలె నడుమ కోణము తీర్చి, నదికి ఎదురుగా ఈదుచు చేపలను ముందునకు తరుమును. చేపలు బెదరి లోతులేని చోటికి చేరగానే తలకొకటి పట్టుకొనును. చిన్నచేపను నీటిలోనే తినివేయును. పెద్దచేపను ఒడ్డునకు తెచ్చి, ముందరి కాళ్ళతో అదిమిపట్టి, తలనుండి తినుటకు మొదలిడును.

నీటికుక్కల కుటుంబము చూడముచ్చటగా నుండును. తల్లి, తండ్రి, ఆ యేటి పిల్లలు, ముందటియేటి పిల్లలు కలిసి తిరుగును. ఒకదాని జాడ ఒకటి తెలిసికొనుటకు ఈలలు వేయునట్లు కూయుచుండును. నది యొడ్డున వేళ్ళక్రింద గాని, రాళ్ళసందున గాని, దట్టమైన పొదలలో గాని బొరియ చేసికొని, ఆడుది రెండుమాసముల గర్భము మోసి, రెండు మొదలు అయిదు పిల్లలను కనును. పుట్టినపుడు పిల్లలకు కన్నులు కనబడవు. సుమారు పది దినములకు తెరచుకొనును. నీటిలో పుట్టకపోయినను, నీటిలో బ్రతుకవలసిన ఈ పిల్లలకు ఈత తానై రాదు. మొదట అవి నీటిని చూచి జంకును. తల్లి వానిని మెడపట్టి నీటిలోనికి దింపి నేర్పును. పిల్లలు కొంత పెరిగిన పిమ్మట తండ్రియు చేపలు తెచ్చి యిచ్చును. మూడు మొదలు అయిదు మాసములలో అవి పాలు మానును. ఏడాదికి తల్లిదండ్రులంత యగును.

నీటికుక్కను చూచుట సులభము కాదు. మనుష్యుని అలికిడి వినగానే అది మునిగిపోవును. కాని అది యున్నట్లు తెలుపు గుర్తులు ఒడ్డున కనబడును. తడియిసుకలో అయిదువ్రేళ్ళ అడుగుజాడలును, నడుమ తోక యీడ్చిన గీతయు ఉండును. ఒడ్డునగల ఒకే రాతిమీద కుటుంబమంతయు మలము విడుచుట దీని యలవాటు. అందులో చేపపొలుసులు, ముండ్లు, పీతపెంకులు కనబడును. ఇది ఇతర నీటికుక్కలకు ఈ చోటు మాదియని తెలుపు హద్దురాయివంటిది. శాస్త్రజ్ఞులు ఈ గుర్తులను లెక్కించియే ఏ నదిలో నీటికుక్కలు మిగిలియున్నవో తెలిసికొందురు.

జాలరులు మాత్రము ఈ జంతువును ప్రేమింపరు. అందుకు కారణము లేకపోలేదు. రాత్రి వలను కట్టి ఇంటికి పోయిన జాలరి, తెల్లవారి పుట్టి వేసికొని వచ్చునప్పటికి వలలో సగము కొరికిన శీలావతి, తలలేని బొచ్చె కనబడును. వల యొకచోట చినిగియుండును. వలను అప్పుచేసి కొన్న బీదవానికి అది చిన్ననష్టము కాదు. కోపమువచ్చి బోను పెట్టువారును, కొట్టి చంపువారును ఉందురు. నీటికుక్క తోలునకు పరదేశములందు విలువ యుండుటచేత ధనాశతో దొంగతనముగా వేటాడువారును కలరు. ఈ జాలరి కష్టమును తేలికగా తీసివేయుట న్యాయము కాదు. కాని నీటికుక్కయు దొంగ కాదు. వల మనుష్యునిదని అది యెరుగదు. తన నదిలో తన యాహారము సులువుగా దొరకెనని మాత్రమే యెరుగును.

బంగ్లాదేశమున సుందరవనముల చేరువను గల కొందరు జాలరులు ఈ చిక్కును మరియొక రీతిగా విప్పుకొనిరి. వారు ఇదే జాతి నీటికుక్కలను పెంచి, త్రాళ్ళు కట్టి, పడవప్రక్కన నీటిలోనికి వదలుదురు. నీటికుక్కలు ఒడ్డున గడ్డిలో దాగిన చేపలను బెదరించి వలలోనికి తరుమును. దొరకిన చేపలలో కొంత వానికి కూలిగా ఇత్తురు. ఈ యాచారము తరతరములనుండి వచ్చినది. నేడది మిక్కిలి తగ్గిపోయినది. జాలరియు, నీటికుక్కయు పగవారై యుండి తీరవలెనను నియమము లేదని దీనివలన తెలియుచున్నది.

నిజమునకు జాలరికిని, నీటికుక్కకును శత్రువులు వేరుగా నున్నారు. తోటాలు పేల్చి చేపలను చంపువారు పెద్దచేపతోపాటు గ్రుడ్లను, పిల్లలను నాశనము చేయుదురు. ఒడ్డున ఇసుకను మితిమీరి త్రవ్వుటవలన బొరియలును, పొదలును పోవును. వీనికంటెను కంటికి కనబడని శత్రువు మరియొకటి కలదు. అది పురుగుమందు. పలనాటిలో ప్రత్తికిని, మిరపకును మందులు విరివిగా చల్లుదురు. వాన కురిసినపుడు చేలనుండి పారు నీరు వాగులలో చేరును. నాగులేరు, చంద్రవంక మొదలగు వాగులు ఆ నీటిని కృష్ణలో కలుపును. నీటిలో చేరిన మందు మొదట సన్నని పురుగులలో ప్రవేశించును. ఆ పురుగులను చిన్నచేపలు తినును. చిన్నచేపలను పెద్దచేపలు తినును. పెద్దచేపలను నీటికుక్క తినును. కొన్నిరకముల మందులు దేహమునుండి బయటికి పోక, మెట్టుమెట్టునకు పెరుగుచు, చివరిమెట్టుననున్న జంతువులో ఎక్కువగా పేరుకొనును.

ఇది ఊహ మాత్రము కాదు. ఇంగ్లండుదేశమున 1955 ప్రాంతమునుండి డీల్డ్రిన్ మొదలగు మందులను వ్యవసాయమున విశేషముగా వాడిరి. కొలదికాలమునకే ఆ దేశపు నదులలో నీటికుక్కలు మాయమగుట మొదలిడినది. అనేక మండలములలో ఒక్కటియైనను మిగులలేదు. కారణము తెలిసికొని ఆ మందులను క్రమముగా నిషేధించిరి, నదులను శుభ్రపరచిరి. నీటికుక్కలు మెల్లమెల్లగా మరల వచ్చినవి. 2011వ సంవత్సరము నాటికి ఇంగ్లండులోని ప్రతి మండలమునందును అవి తిరిగి కనబడెను. మనుష్యుడు చేసిన తప్పును మనుష్యుడే దిద్దుకొనుటకు ఇది మంచి దృష్టాంతము.

దిద్దుకొనుటకు వీలులేని తప్పులును కలవు. స్టెల్లర్ 1741వ సంవత్సరమున ఆ దీవిచెంత సముద్రసింహముతోపాటు సముద్రపు ఆవు అను మహాజంతువునుగూడ చూచెను. అది సముద్రపు నాచును మేయు సాధుజంతువు. వేటగాండ్రు మాంసమునకై దానిని విచ్చలవిడిగా చంపిరి. 1768వ సంవత్సరము నాటికి, అనగా స్టెల్లర్ చూచిన 27 సంవత్సరములకే, భూమిపై నొక్కటియు మిగులలేదు. నేడది పుస్తకములలోను, ప్రదర్శనశాలలందలి ఎముకలలోను మాత్రమే కలదు. సముద్రసింహములును ఒకప్పుడు మిక్కిలి తగ్గినవి; 1970 తరువాతి కాలమునుండి 2000 వరకు ఉత్తర పసిఫిక్ పడమటిభాగమున వాని సంఖ్య అయిదింట నాలుగువంతులకంటె ఎక్కువగా క్షీణించినది. కాని చట్టము అడ్డుపడుటచేత అవి పూర్తిగా నశింపక నిలిచినవి.

నీటికుక్కకును చట్టపు రక్షణ కలదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి భారతదేశమున దానిని చంపుటయు, పట్టుటయు, తోలు నమ్ముటయు నేరములు. 2019వ సంవత్సరమున ప్రపంచదేశములు సమావేశమై ఈ జాతి నీటికుక్కలతో అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించినవి. అయినను చట్టము ప్రతి రాతిచెంతను, ప్రతి రేవునందును కావలి యుండజాలదు. నదియొడ్డున నివసించు ప్రజల మనస్సే నిజమైన కావలి.

నీటికుక్క బ్రతికియున్నచో ఆ నదిలో చేపలున్నవని యర్థము. చేపలు బ్రతికియున్నచో నీరు ఇంకను చెడలేదని యర్థము. ఆ నీటినే కాలువలద్వారా పలనాటి పొలములు త్రావుచున్నవి, ఊళ్ళును త్రావుచున్నవి. కావున రేవుదరి యిసుకలో అయిదువ్రేళ్ళ అడుగుజాడయు, తోకగీతయు కనబడిన నాడు, దొంగ వచ్చెనని రాయి తీయక, నది క్షేమముగా నున్నదని సంతోషింపవలెను. ఆ జాడ కనబడకపోయిన నాడే భయపడవలెను.